లేని జిల్లా నుంచి ఉత్తరం

"హాల్డెనౌ అనే జిల్లా ఇప్పుడు లేదు" అని ఉంది రెడ్‌క్రాస్ వారి జవాబులో.

రామ్మూర్తి మాస్టారు ఆ వాక్యం రెండుసార్లు చదివారు. అమలాపురం హైస్కూల్లో ఇరవై ఏళ్ళుగా ఆయన చరిత్ర చెబుతున్నారు. రాజ్యాలు పోవడం తెలుసు. జిల్లా పోవడం ఎప్పుడూ వినలేదు.

"లేకపోవడమేటండీ? నేలెక్కడికి పోద్దండి?" అంది బెంచీ చివర కూర్చున్న మాణిక్యం.

ముక్తేశ్వరం నుంచి సంతకి వచ్చినప్పుడల్లా ఆమె స్కూలుకి వస్తుంది. మొదటిసారి వచ్చినప్పుడు ఒక నలిగిన కార్డు ఆయన చేతిలో పెట్టింది. ఎడారి యుద్ధంలో పట్టుబడి, జర్మనీలో ఖైదీగా ఉన్న వీర్రాజు రాసిన కార్డు. హాల్డెనౌ జిల్లాలో పంచదార ఫ్యాక్టరీలో పని చేయిస్తున్నారనీ, చలికి వేళ్ళు వంగడం లేదనీ రాశాడు. తేదీ 1944 నవంబరు. ఆ తరవాత కార్డు లేదు.

"మీవారా అమ్మా?" అని అడిగారు మాస్టారు.

"ఆయ్. కబురేదైనా తెలిస్తే మీ స్కూలుకే రప్పించండి. మా ఊరికొద్దండి, పోస్టుమేను ఊరంతటికీ చదివేస్తాడు."

ఇప్పుడు మాస్టారు ఆమెకి నచ్చజెప్పారు. "నేల ఉందమ్మా. పోయినేడాది మనకి కొత్త రాష్ట్రం వచ్చిందా? అక్కడ ఉన్న జిల్లా కాస్తా పోయింది. ఎవర్ని అడగాలో కనుక్కుంటాను."

అక్కడికీ ఇక్కడికీ రాయగా రాయగా, ఆ జిల్లా కచేరీలో ఒకప్పుడు పనిచేసిన ముసలి గుమాస్తా దొరికాడు. పడమటి జర్మనీలో తలదాచుకుంటున్నాడు. వచ్చీరాని ఇంగ్లీషులో తన జిల్లా చరిత్రంతా నెలకో ఉత్తరం చొప్పున రాశాడు.

ప్రష్యా రాజు 1818లో ఆ జిల్లాకి హద్దులు గీశాడట. రైలొచ్చింది. రైలు వెనకాల పంచదార దుంప పంట, ఫ్యాక్టరీ వచ్చాయి. 1932లో పక్క జిల్లాలో సగం తెచ్చి దీన్లో కలిపారు. పదమూడేళ్ళు తిరక్కుండా రష్యా సైన్యం మీదికొచ్చింది. జనవరి మంచులో, ఒక్క రోజులో, జిల్లా జిల్లా అంతా బళ్ళు కట్టుకుని రోడ్డెక్కింది. ఫ్యాక్టరీలో ఖైదీల్ని కూడా ఆ రోడ్డు మీదే నడిపించారు. యుద్ధమయ్యాక ఆ నేల పోలండుకి పోయింది. ఊళ్ళ పేర్లు కూడా మారిపోయాయి. అక్కడికి కొత్తగా వచ్చి చేరినవాళ్ళూ ఎక్కడో కొంపలు వదులుకున్నవాళ్ళే. గుమాస్తా తన సామానంతా వదిలేసి, జిల్లా మనుషుల పేర్లున్న అట్టల పెట్టెలు మాత్రం మోసుకొచ్చాడు.

మాస్టారు ఇదంతా కథలా చెబుతుంటే మాణిక్యం కుదురుగా కూర్చునేది కాదు. చీర అంచు వేలికి చుట్టేది, విప్పేది.

"ఆ రోడ్డు మీద పోయినోళ్ళ పేర్లు రాసుకున్నారాండి?"

"రాసుకున్నారట."

"ఖైదీలవి కూడానాండి?" గొంతు తగ్గించి, "బతికుంటే, ఇన్నేళ్ళయ్యాక కూడా వచ్చే వీలుందాండి?"

"ఎందుకు లేదమ్మా! ఆశ వదులుకోకు."

ఆ మాటకి ఆమె ముఖం పాలిపోయింది. ఆశ మనిషిని ఇంతగా కాలుస్తుందా అనుకున్నారు మాస్టారు. ఆమె నుదుటి బొట్టు కేసి చూడలేకపోయారు. అప్పట్నుంచి ఆయనకీ స్థిమితం లేదు. ఒకరోజు తరగతిలో అక్బరు సుబాల గురించి చెబుతూ చెబుతూ హాల్డెనౌ అనేశారు.

డిసెంబరులో మందపాటి కవరొకటి వచ్చింది. మాస్టారు నిలబడే చదివారు. చదివి కూర్చున్నారు.

మూడు వారాలైనా మాణిక్యం సంతకి రాలేదు. ఆ కవరు జేబులో ఉంటే ఆయనకి అన్నం సయించలేదు. ఆదివారం పొద్దున్నే సైకిలెక్కి కాలవ గట్టు పట్టారు. ఏ మాటతో మొదలెట్టాలో దారంతా వల్లె వేసుకున్నారు. ముక్తేశ్వరంలో అడిగితే, "నలభై ఆరులో రాజోలు వైపు నుంచి వచ్చేరండి, కాలవ పక్క పెంకుటిల్లు" అని చూపించారు.

పెరట్లో ఎవరో ఒకాయన కొబ్బరికాయలు ఒలుస్తున్నాడు. తమ్ముడో మరిదో అనుకున్నారు మాస్టారు. మాణిక్యం కవరు చూడగానే ఆయన్ని వంటింటి వసారాలోకి పిలిచింది.

వల్లె వేసిందంతా మర్చిపోయారు మాస్టారు. "నలభై అయిదు ఫిబ్రవరి మూడున పోయేడమ్మా. మంచులో నడిపించుకెళుతుంటే ఊపిరాడక పడిపోయేడట. గుమాస్తాయే దగ్గరుండి గొయ్యి తీయించేడు. కూడా ఉన్న ఇంకో మనవాణ్ణి ముందురోజే వేరే గుంపులో తోలేశారట."

"ఆయనేనాండి? పొరపాటు లేదు కదండి?"

"కుడి చెవి కింద కాలిన మచ్చ కూడా రాసేరమ్మా."

మాణిక్యం గోడకి ఆనుకుని జారి కూర్చుంది. నోట్లో కొంగు కుక్కుకుని చాలాసేపు ఏడ్చింది. తరవాత ముఖం తుడుచుకుని లేచి, కవరు అందుకుని, మండుతున్న పొయ్యిలో పెట్టింది.

"అయ్యో అమ్మా! అదొక్కటే రుజువు!"

"నాకు తెలిస్తే చాలండి. ఇన్నేళ్ళూ వీధి తలుపు చప్పుడైతే చాలు, ఉలిక్కిపడి చచ్చేదాన్నండి."

మాస్టారు బయటికొచ్చి సైకిలు అందుకున్నారు. పెరట్లో మనిషి బొండం కొట్టి తెచ్చి, రెండు చేతులతో అందించాడు. ఆడమనిషి ఒంటరిది, తోడుండే మనిషెవరో తెలుసుకోవడం మంచిదనిపించింది మాస్టారికి.

"తమరి పేరు?"

"వీర్రాజునండి" అన్నాడతను తలెత్తకుండా, పాఠం అప్పజెప్పినట్టు, "మాణిక్యం మొగుణ్ణండి, జర్మనీ చెర నుంచి నలభై ఆరులో తిరిగొచ్చేనండి."