ముప్పై ఒకటో జాడీ

"అమ్మా, ఈ లేబుల్ తప్పు."

చిన్న మేడమ్ ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. ముప్పై ఒకటో జాడీ ముందు ఎవరో పెద్దాయన నిలబడి ఉన్నాడు.

"మిమ్మల్ని లోపలికి ఎవరు రానిచ్చారండీ?"

"తలుపు తీసే ఉందమ్మా."

మెడికల్ కాలేజీలో ఈ ఏడే లెక్చరర్‌గా చేరిన ఆమె, మనుషుల శరీర భాగాలను జాడీల్లో భద్రపరిచిన ఆ మ్యూజియంలో పొద్దుటి నుంచి కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. రెండింటికి తనిఖీ బృందం వస్తోంది. జాడీలన్నిటికీ కొత్త లేబుళ్లు తయారుచేసింది ఆమే. ఒక్కటి తప్పినా ఉద్యోగం పర్మనెంట్ కాదని పెద్దసారు ముందే తేల్చి చెప్పారు.

అప్పటికే ఒంటిగంటన్నర అయింది.

"ఏం తప్పు?" అంది విసుగ్గా.

"జిగురు పొరకి మ్యూకస్ మెంబ్రేన్ అని ఇంగ్లీషులో రాశారు కదా. చివర ఉత్త యూ, ఎస్ ఉంటే అది జిగురు పేరు. పొర గురించి చెప్పేటప్పుడు యూ ముందు ఓ కూడా ఉండాలి. పొరే జిగురు కాదు కదమ్మా, జిగురు ఊరేది అందులోంచి."

ఆమె లేబుల్ చూసింది. ఆయన చెప్పింది నిజమే. పేరుకీ, దాని గుణం చెప్పే మాటకీ ఉన్న ఈ తేడా క్లాసులో తనే పదిసార్లు చెప్పింది.

"మిగతావి?"

"అన్నీ చదివాను. ఫంగస్ అన్నది పేరే, అక్కడ ఉత్త యూ, ఎస్ సరిగ్గానే రాశారు. ఇదొక్కటే."

"మీరు డాక్టరా?"

"కాదమ్మా. తాళాలు బాగుచేస్తాను."

ఆమెకు ఒళ్లు మండింది. తాళాలు బాగుచేసే మనిషి చేత పాఠం చెప్పించుకోవాల్సి వచ్చింది! అది నిజం కావడం ఇంకా మంటగా ఉంది.

"చెప్పారుగా, ఇక బయల్దేరండి. ఈ రోజు బయటివాళ్లు ఉండకూడదు."

"ఓ పది నిమిషాలు ఇక్కడే నిలబడి..."

"ఒక్క నిమిషం కూడా కుదరదు!"

పెద్దాయన బయటికి నడిచాడు.

ప్రింటర్ నిన్నటి నుంచి మొరాయిస్తోంది. చేత్తో దిద్దితే పెద్దసారు ఊరుకోరు. బీరువాలో దాస్తే, తనిఖీవాళ్లు బీరువాలూ తెరిపిస్తారు.

వెనక గేటు దగ్గర హారన్ మోగింది. మసకబారిన పాత జాడీలను కాల్చేసే చోటికి తీసుకెళ్లే వ్యాన్ అది.

ముప్పై ఒకటి కూడా పాతదే. అసలు జాడీయే లేకపోతే తప్పు పట్టేదెవరు?

ఆమె గబగబా కాల్చేయాల్సిన జాడీల జాబితా చివర ముప్పై ఒకటి అని రాసింది. జాడీని తనే మోసుకెళ్లి వ్యాన్‌లో పెట్టించింది. వ్యాన్ మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడింది.

నాలుగింటికి తనిఖీ ముగిసింది.

"ఒక్క లేబుల్లోనూ తప్పు లేదు. పర్మనెంట్ కాగితం మీద నేనే సంతకం చేస్తాను" అన్నారు పెద్దసారు.

ఆమె కుర్చీలో కూలబడి ఊపిరి పీల్చుకుంది. అయినా మనసు ఎందుకో కుదుటపడలేదు.

పొద్దుటి నుంచీ ముందు గేటు దగ్గర డ్యూటీలో ఉన్న ముసలి అటెండర్ లోపలికి వచ్చాడు.

"మేడమ్, పెద్దాయన గేటు దగ్గరే కూర్చుని ఉన్నారు. తనిఖీవాళ్లు వెళ్లిపోయారుగా, ఇప్పుడు రావచ్చా అని అడుగుతున్నారు."

"ఎవరయ్యా ఆయన? ఏం కావాలట?"

"ఆయనకేం కావాలి మేడమ్, ఏటా ఈ రోజు వచ్చి ముప్పై ఒకటో జాడీ ముందు కాసేపు నిలబడి వెళ్తారు. అందులో ఉన్నది ఆయన భార్యే కదా."