అయిదు గోదావరులు, ఒక ముఖం

“నాతో ఒక్క మాటైనా చెప్పకుండా ఇవెవరు అంటించారు?”

యాకోబు గొంతుకు యూనివర్సిటీ ఆర్ట్ హాలు మార్మోగింది. హాలు చూసుకునే రీసెర్చ్ విద్యార్థి సాకేత్ కుర్చీలోంచి లేచి పరుగున వచ్చాడు.

గోడ మీద వరసగా అయిదు గోదావరి ఫోటోలు. తొమ్మిదేళ్ళుగా పుష్యమాసపు చలిలో పట్టిసీమ రేవుకు వెళ్ళి, మంచు కమ్మిన నదిని యాకోబు తీసినవి. ఆ అయిదింటి అద్దాల మీదా, పైన నట్టనడుమ, ఒక్కో ఎర్ర చుక్క.

అమ్ముడైన ఫోటోకు ఎర్ర చుక్క అంటించడం ఆ హాలు ఆనవాయితీ.

“నేను పెట్టలే అన్నా. పొద్దుగాల కౌంటర్ల దివ్య ఉండె. ఆమెనే పెట్టి ఉంటది,” అన్నాడు సాకేత్.

“కింద పేరు చీటీ మీద కదా పెట్టాలి? అద్దం మీద పెట్టడమేంటి?”

“కొత్త పిల్ల, ఆమెకేం ఎరుక? ఇప్పుడు పరీక్ష రాస్తున్నది, ఫోన్ బంద్. పన్నెండున్నరకు వస్తది, ఎవరు కొన్నరో అడుగుదాం.”

యాకోబు కోపం చల్లారలేదు. దారి మళ్ళిందంతే. వారం రోజులుగా ఈ హాల్లో ఎన్ని మాటలు పడ్డాడు! నీళ్ళనూ మంచునూ ఎవడు కొంటాడన్నవాడొకడు. ఫోటో మసకగా వచ్చిందేమిటని జాలిపడిన మహానుభావుడొకడు. అందరిదీ ఒకటే పాట, ముఖాలు తియ్యి, ముఖాలు తియ్యి. ఒళ్ళు మండదా మరి?

తార్నాకలో, ఇంట్లో భార్య రూతు కూడా అదే అంది. “శనివారం లోపు ఒక్క గోదావరైనా అమ్ముడుపోతే మీ ఇష్టం. లేదంటే అవి అటకెక్కాలి, మీరు పోర్ట్రెయిట్లు తియ్యాలి.” సరేనన్నాడు. ఇవాళ శనివారం.

ఆమె పోరు పడలేకే ఒక్క ముఖం తీసి, గోదావరుల పక్కన తగిలించాడు. హాలు ఊడ్చే బాలలక్ష్మిది. దానికీ ఎన్ని తిప్పలు! రూతు అయితే ముఖం కడుక్కుని వచ్చి కూర్చుంటుంది. ఈవిడ “ఆగుండ్రి సారూ, బోసి మొఖంతోటి ఫోటో దిగుతరా ఎవలన్న?” అని పావుగంట అద్దం ముందు నుంచి కదల్లేదు. ఆ తర్వాత గోదావరుల ముందు నిలబడి “ఇది ఏ నది సారూ?” అని అడిగింది. “గోదావరి. తుడిచేటప్పుడు అద్దానికి గీతలు పడనీకు,” అని కసిరాడు.

“చూశావా సాకేత్! నదులన్నిటికీ చుక్కలు. మీరంతా మెచ్చుకున్న ఆ ముఖానికి ఒక్కటీ లేదు!”

“అవునన్నా, ఒప్పుకుంటున్న,” అని నవ్వాడు సాకేత్.

సరిగ్గా అప్పుడే చరిత్ర శాఖ సుజాత మేడం వచ్చింది. చేతిలో ఒప్పంద పత్రం.

“యాకోబు గారూ, మా రిటైరైన ప్రొఫెసర్ల పోర్ట్రెయిట్లు, మొత్తం ముప్పై. ఏడాది పని. ఇక్కడ సంతకం పెట్టండి.”

నిన్నటిదాకా అయితే తల వంచుకుని పెట్టేవాడే. ఇవాళ వెనక అయిదు చుక్కల బలం ఉంది.

“తొమ్మిదేళ్ళు చలిలో వణికింది మీ పెద్దమనుషుల కళ్ళజోళ్ళు తియ్యడానికి కాదండీ! ఇన్నాళ్ళూ నా నది వైపు కన్నెత్తి చూసినవాళ్ళు లేరు. ఇప్పుడు చూడండి!” అంటూ ఆ కాగితాన్ని అడ్డంగా చించి ఆమె చేతిలోనే పెట్టాడు.

సుజాత ముఖం ఎర్రబడింది.

“చూడనిదెవరండీ? ఆ మూడో గోదావరిని మా సెమినార్ హాలుకు కొందామనే వచ్చాను. చుక్క చూసి ఊరుకున్నాను. ఇక ఈ పని వేరేవాళ్ళకిస్తాను లెండి.” వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.

పోతే పోనీ అనుకున్నాడు యాకోబు. రూతుకు ఫోన్ చేశాడు.

“అయిదూ అమ్ముడైపోయాయి!”

“దేవునికి స్తోత్రం! మరి ఆ మేడం గారి కాగితం?”

“చించేశాను.”

“ఎవరు కొన్నారండీ?” అంది రూతు.

“దివ్య వచ్చి చెబుతుంది. ఇక ఆ గోదావరులు అటకెక్కవు, సరేనా?”

ఫోన్ పెట్టేసి చూసేసరికి బాలలక్ష్మి తడిగుడ్డతో మొదటి ఫోటో దగ్గరకు వచ్చేసింది. యాకోబు పరుగున అడ్డం వెళ్ళాడు.

“ఆగు ఆగు! ఆ చుక్కలు ఊడాయంటే నా కొంప మునుగుతుంది!”

బాలలక్ష్మి గుడ్డ దించి, తృప్తిగా నవ్వింది.

“ఊడవు సారూ, గోదారమ్మకు బొట్టు లేకుంటే ఎట్లని నేనే పెట్టిన!”