చివరి వరుసలోని గొంతు

జాతీయ గీతం అయిపోయింది.

హాలులో అందరూ చప్పుడు చేయకుండా నిటారుగా నిలబడి ఉన్నారు.

చివరి వరుసలో ఒక గొంతు మాత్రం ఇంకా పాడుతూనే ఉంది.

పిల్లలు కిసుక్కుమన్నారు. పెద్దలు నవ్వు ఆపుకోవడానికి జెండా వంక మరింత శ్రద్ధగా చూశారు.

పాడుతున్నది మనవాడు కాదు. మనవాళ్ళు బతకడానికి వెళ్ళిన ఆ దేశంవాడే. అరవై దాటిన మనిషి. పాత కోటుకు మెడ దాకా గుండీలు పెట్టుకుని ఉన్నాడు.

మనవాళ్ళు ఆ ఊళ్ళో బడి హాలు అడిగి పుచ్చుకుని జెండా పండుగ చేసుకోవడం మొదలుపెట్టి ఆరేళ్ళయింది. ఆరేళ్ళుగా అతనూ వస్తున్నాడు. ఎవరూ పిలవలేదు. జనం ఒక ముక్క పాడాక, అదే ముక్క అతను పాడతాడు. అందుకే అందరికన్నా ఒక ముక్క వెనకబడతాడు.

"మనల్ని వెక్కిరించడానికే వస్తున్నాడు నాయనా," అంది వంటలు చూసే పిన్ని. అక్కడ అందరికీ ఆవిడ పిన్నే.

"భోజనానికేమోలే పిన్నీ," అన్నాడు దర్జీ. అక్కడి మనవాళ్ళ సంఘానికి కార్యదర్శి అతనే.

"భోజనానికైతే తినాలిగా? పాట కాగానే కొంప మునిగినట్టు పరుగెడతాడు. నా వంట తిని ఉంటే ఎలా పాడినా క్షమించేదాన్ని."

దర్జీ నవ్వేశాడు.

మరుసటి ఏడు అతనికి నవ్వే ఓపిక లేదు.

పండుగకు మన దేశపు రాయబార కార్యాలయం నుంచి అధికారి వస్తానన్నాడు. ఆయన్ని కలవాలని దర్జీ ఏడుసార్లు ఆ గడప తొక్కాడు. ఏడుసార్లూ గుమాస్తా దగ్గరే ఆగిపోయాడు.

కావలసింది ఒక్కటే. అన్న జాడ.

అన్న పదకొండేళ్ళ కిందట ఈ దేశానికే కట్టడాల పనికి వచ్చాడు. రెండేళ్ళు ఉత్తరాలు రాశాడు. తర్వాత ఒక్క ముక్క లేదు. అతన్ని వెతుక్కుంటూ వచ్చిన తమ్ముడు ఇక్కడే కుట్టుమిషను పెట్టుకుని ఉండిపోయాడు.

"ఆయన సంతోషంగా ఉన్నప్పుడు అడగాలి పిన్నీ. ఒక్క పొరపాటూ జరగకూడదు."

"నా వంటలో ఉప్పు కూడా ఎక్కువ తక్కువ కాదు. ఆ చివరి వరుస సంగతి నువ్వు చూసుకో."

పండుగనాడు దర్జీ తానే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు.

పాత కోటు మనిషి వేళకు వచ్చాడు. తడి జుట్టు శుభ్రంగా దువ్వుకున్నాడు.

"ఈసారి లోపలికి వద్దండీ," అన్నాడు దర్జీ, అతని భాషలో.

"పోనీ, ఇక్కడే నిలబడి వింటాను."

"విని ఊరుకోరు మీరు. పాడతారు."

"పాడితేనే కదా వస్తుంది. చివరి భాగం నాకింకా కుదరలేదు."

"అది మా పాట. మీకెందుకు కుదరాలి?"

"చెప్పాలంటే కొంచెంసేపు పడుతుంది. మీవాళ్ళు..."

వీధి మలుపులో అధికారి కారు కనిపించింది.

"తర్వాత వింటాను. ముందు మీరు వెళ్ళండి," అంటూ దర్జీ అతన్ని మెట్లు దింపాడు.

బలవంతం చేయాల్సిన పని కూడా పడలేదు. ముసలాయన తలూపి వెళ్ళిపోయాడు.

ఆ రోజు పాట అందరికీ ఒక్కసారే ముగిసింది.

"బాగానే పాడారు గానీ, ఏదో తగ్గినట్టుంది నాయనా," అంది పిన్ని, గరిటె చేతిలో పట్టుకుని.

దర్జీ వినిపించుకోలేదు. అధికారి రెండోసారి కూడా వడ్డించుకుని తిని, అన్న పేరు కాగితం మీద రాసుకుంటున్నాడు.

మూడు నెలలకు కబురు వచ్చింది.

అన్న పోయి తొమ్మిదేళ్ళయింది. కట్టడం మీంచి పడ్డాడు. పేరూ దేశమూ తెలిశాయి గానీ, ఇంటి చిరునామా దొరకలేదు. దర్జీ ఉండే ఊరి చివర శ్మశానంలోనే పూడ్చిపెట్టారు.

దర్జీ వెళ్ళేసరికి అక్కడ ఒక ముసలావిడ గడ్డి కోస్తోంది. పేరు చెప్పగానే కొడవలి పక్కన పెట్టి ముందు నడిచింది. ఏ పుస్తకమూ తిరగేయలేదు.

"నువ్వేమవుతావు నాయనా?"

"తమ్ముణ్ణి."

"ఉన్నావన్నమాట. ఎవరూ లేరనుకున్నాం."

అన్న సమాధి మీద రాయి లేదు. కానీ చుట్టూ ఒక్క పిచ్చిమొక్క లేదు.

"ఇంత శుభ్రంగా ఎవరు చూస్తున్నారమ్మా?"

"మా ఆయన. ఇక్కడ గోతులు తవ్వేవాడు. పోయిన నెలలో ఆయనా పోయాడు. ఇప్పుడు నేను చూస్తున్నాను."

ఆవిడ వంగి సమాధి మీది ఎండుటాకు ఏరేసింది.

"దిక్కులేనివాళ్ళను ఒక్క పాటైనా లేకుండా మట్టిలో పెట్టకూడదనేవాడు. మీ అన్న వచ్చిన రోజు ఏం పాడాలో తెలియక ఊరికే నిలబడ్డాడట. ఆ దిగులు ఆయన్ని వదల్లేదు. ఊళ్ళో మీవాళ్ళు పండుగ చేస్తారని తెలిసి, ఏటా వెళ్ళి మీ పాట నేర్చుకునేవాడు. మరిచిపోతానేమోనని పరుగున ఇక్కడికి వచ్చి, మీ అన్న దగ్గర పాడేవాడు."

దర్జీ తలెత్తి ఆవిడ వంక చూశాడు.

"ఈ ఏడు మాత్రం తొందరగా వచ్చేశాడు. లోపలికి రానివ్వలేదన్నాడు. తనకు వచ్చినంత వరకు పాడి ఆపేశాడు."

దర్జీ అన్న పక్కన మట్టిలో కూర్చున్నాడు.

అన్న ఎక్కడున్నాడో తెలిసిన మనిషి, ఏటా అన్న దగ్గరి నుంచి నడిచి తన దగ్గరికే వచ్చేవాడు.