మాడ్యూల్ తీసిందెవరు?

"ప్రోగ్రాముకు కావాల్సిన మాడ్యూల్ దొరకలేదంటోంది. ఎవరో తీసేశారు!" అక్క తెర మీంచి కళ్లు తిప్పలేదు.

"నేను నీదేం ముట్టుకోలేదక్కా!" అన్నాడు తమ్ముడు గుమ్మంలోంచే.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది వాడి వాలకం. ఇద్దరికీ ఒకటే కంప్యూటర్. పోయినసారి వాడేదో కొత్త వెర్షన్ ఎక్కించి ఆమె ప్రోగ్రామును మూలన పడేశాడు. ఆ రోజు నోటికొచ్చినట్టు తిట్టింది. ఇంకో గంటలో అదే ప్రోగ్రామును ఆఫీసులో చూపించాలి.

"నిన్న నా చేతులతో ఇన్‌స్టాల్ చేశాను. కాళ్లొచ్చి నడిచిపోయిందా? వేలు పెట్టకుండా ఉండలేవు కదా నువ్వు!"

వాడు వచ్చి తెర మీదికి వంగాడు.

"ఇది నేను తెరిచి వదిలేసిన విండో అక్కా. ఈ ఎన్విరాన్‌మెంట్ నాది, నా ప్రోగ్రాములకు విడిగా పెట్టుకున్న అర. నువ్వు ఎక్కించినవి ఇందులో కనిపించవు. నీ దాంట్లో భద్రంగానే ఉన్నాయి."

"వేరు కుంపటి ఎప్పుడు పెట్టావురా?"

"నువ్వు తిట్టిన రోజే."

పొద్దుట్నుంచీ తెర మీద ప్రతి వరుస మొదట్లోనూ కనిపిస్తున్న పేరును ఆమె అప్పుడు చదివింది. వాడు తన ఎన్విరాన్‌మెంట్‌కు పెట్టుకున్న పేరు: అక్కది_ముట్టకు.