పళ్ళసెట్టుకు పడుగు గంజి

ఆ శనివారం పొద్దున చంద్రభాగ మామగారి పళ్ళసెట్టుకు డాక్టరిచ్చిన పొడి చల్లలేదు. పడుగు నూలుకు పట్టించే గంజి పూసింది. అది మామూలు గంజి కూడా కాదు. చింతగింజల పిండిలో తుమ్మబంక కలిపి, గరిటె నిలబడేంత చిక్కగా కాచింది. చిగుళ్ళకు ఆనే వైపు పూసి ఊరుకుందా అంటే అదీ లేదు. పైపళ్ళూ కిందిపళ్ళూ కలిసే చోట కూడా దట్టంగా మెత్తింది.

ఇంత పాపానికి ఎందుకు ఒడిగట్టావమ్మా అని అడిగితే యల్లమ్మ పేరు చెప్పేది. యల్లమ్మ ఆమె మామ సిద్ధరాములుకు అక్క. తమ్ముడికి మారుమనువు చేయందే కదలనని జోడ్‌భావి పేట్ నుంచి వచ్చి ఇంట్లో తిష్ఠ వేసింది. నాలుగు మగ్గాల ఆసామి సిద్ధరాములుకు తాముండే దాజీ పేట్ మొత్తం మీద ఎవరన్నా జంకు లేదు గాని, అక్క కనపడితే పిల్లి అయిపోతాడు. ఆమె సరే అనమంది, ఆయన సరే అన్నాడు.

చంద్రభాగకు గుండెల్లో రాయి పడింది. అత్త ఉన్నన్నాళ్ళూ గుప్పెడు జొన్నలు తీయాలన్నా అడిగి తీసింది. అత్త పోయాక ఇంటి తాళాలు తన నడుముకు చేరాయి. నూలు కొట్టూ తనదే, వంటగదీ తనదే. ఇప్పుడు పార్వతీబాయి అనే నడివయసు వితంతువు అత్తగా దిగి, ఆ తాళాలు ఇలా ఇవ్వమని చెయ్యి చాపితే ఏం గాను?

పైగా ముసలాయన ఉత్సాహం చూస్తుంటే ఆమెకు ఒళ్ళు మండేది. బొంబాయి డాక్టరు కట్టిన ఆ పళ్ళసెట్టుకు దవడల దగ్గర రెండు స్ప్రింగులున్నాయి. పైవరుసను పైకి, కిందివరుసను కిందికి నొక్కిపట్టి ఉంచడం వాటి పని. వాటిని పూర్తిగా నమ్మలేక రోజూ కాస్త జిగురుపొడి చల్లడం కోడలి పని. వారం నుంచి సిద్ధరాములు చిన్న పట్టకారు పుచ్చుకుని ఆ స్ప్రింగులతో కుస్తీ పడుతున్నాడు. అద్దం ముందు నిలబడి నోరంతా తెరిచి హహ్హహ్హా అని నవ్వి చూసుకుంటున్నాడు. ఈ వయసులో పెళ్ళికొడుకు వేషాలు కాకపోతే ఏమిటి?

చంద్రభాగ లెక్క ఇదీ. పిల్లను చూడబోయిన మనిషి నోరు తెరవకపోతే, పెట్టింది తినకపోతే, అడిగినదానికి బదులు చెప్పకపోతే పక్షవాతం అనుకుంటారు, లేదా పొగరనుకుంటారు. ఏదనుకున్నా సంబంధం తప్పిపోతుంది.

పెళ్ళిచూపులకని వెళ్ళి పార్వతీబాయి ఇంట్లో చాప మీద కూర్చునే సరికే గంజి బిగుసుకుంది. సిద్ధరాములు నోరు తెరవబోయాడు, రాలేదు. దవడలు గట్టిగా లాగాడు, అప్పుడూ రాలేదు. పోపు పెట్టిన అటుకులు, పోహాల పళ్ళెం ముందు పెడితే చేతులు జోడించి ఊరుకున్నాడు. శనివారం కదా, ఒక్కపొద్దు ఉంటాడని యల్లమ్మ సర్దేసింది. ఆడవాళ్ళ వెనక కూర్చున్న చంద్రభాగ చెంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంది.

పార్వతీబాయి తన కష్టమంతా చెప్పుకొచ్చింది. మొదటి కాపురం, మిల్లు పని, ఒంటరి బతుకు, అన్నీ చెప్పింది. సిద్ధరాములు ఊఁ, ఊఁ అంటూ దవడలతో పెనుగులాడుతూనే ఉన్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. కళ్ళలో నీళ్ళు తిరిగి బొటబొటా రాలాయి. చంద్రభాగకు తన పని నెరవేరిందనిపించింది, ప్రాణం హాయిగా ఉంది.

అప్పుడు పార్వతీబాయి యల్లమ్మ వైపు తిరిగింది.

"అక్కా, మొదటాయన బతికున్నన్ని దినాలు నన్ను ఒక్క మాట పూరా చెప్పనియ్యలే. ఈయన అడ్డం మాట్లాడకుంట అంతా విన్నడు, నా కోసం కండ్లనీళ్ళు పెట్టుకున్నడు. నాకు ఏక్‌దమ్ పసందు. ముహూర్తం పెట్టుండ్రి."

సంబంధం కుదిరిందని యల్లమ్మ ఆమె నోట్లో చక్కెర పోసింది. చంద్రభాగ చేతిలోని పోహాల పళ్ళెం కింద పడింది.

ఇంటికొచ్చాక పెరట్లో అరుగు మీద కూర్చోబెట్టి, వేడినీళ్ళు పుక్కిట పట్టిస్తే గాని ఆ గంజి వదల్లేదు. సెట్టు మొత్తం తీసి గిన్నెలో వేసి, సిద్ధరాములు బోసినోటితో కోడలి ముఖంలోకి చూశాడు. దొరికిపోయాననుకుని చంద్రభాగ నీళ్ళ చెంబు అందుకుని లేవబోయింది. తలుపు సందులోంచి అక్క వినడం లేదని చూసుకుని, ఆయన గొంతు తగ్గించాడు.

"ఎవ్వలకు చెప్పకు బిడ్డా. అక్కకు ఎదురు చెప్పే దమ్ము నాకు లేకపాయె, అందుకే ఆ స్ప్రింగులు నేనే వదులు జేసిన. నేను గట్టిగ నవ్వితే పండ్లు పోయి ఆమె ఒళ్ళె పడాలె, ఆమె ఛీ పో అనాలె అని వారం సంది అద్దం ముంగట నేర్చుకున్న. ఇవ్వాళనే ఆ పండ్లు ఎందుకు అతుక్కున్నయో ఏమో. నీ తాళాలు ఇంకొకల చేతికి పోవుడు నాకు ఇష్టం లేకుండె."