ఫిర్యాదు వినడానికి వచ్చాను

తలుపు కొట్టానో లేదో, లోపల్నుంచి ఈల మోగింది. ఆ వెంటనే సిసెరో ఊళ్ళోని ఆ వీధి వీధంతా ఈలలే. వలసదారుల్ని పట్టుకుపోయే కేంద్ర ప్రభుత్వ ఏజెంట్లు వచ్చారంటే మా మెక్సికో జనం చేసే హెచ్చరిక అది.

"ఒఫీలియా గారూ, నేను వాళ్ళ మనిషిని కాదు! రాష్ట్ర ప్రభుత్వ పౌరహక్కుల ఆఫీసు నుంచి వచ్చాను. మీ ఆయన్ని పట్టుకుపోయారని మీరే కదా ఫోన్ చేశారు?"

"జడ్జి సంతకం ఉన్న కాగితం తలుపు కిందనుంచి తొయ్యి."

"ఫిర్యాదు వినడానికి జడ్జి సంతకమెందుకమ్మా?"

"అది లేకుండా తలుపు తీయొద్దని కరపత్రాలు పంచింది మీరే కదా!"

నాకు ఒళ్ళు మండింది. ఎదురింటి పెద్దాయన నన్ను వీడియో తీస్తున్నాడు. గుర్తింపు కార్డు కిటికీ అద్దానికి ఆనించి అరిచాను.

"నేనూ మెక్సికో బిడ్డనే! మీరు నోరు విప్పకపోతే వాళ్ళని నేనెలా నిలదీసేది? నన్నే నమ్మకపోతే ఇంకెవర్ని నమ్ముతారు?"

ఈలలు ఆగాయి. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

"మొన్న వచ్చినవాళ్ళూ కార్డు చూపించారు బాబూ. హక్కుల ఆఫీసు వాళ్ళం, మీ వీధిలో జరిగే అన్యాయాలు చెప్పండి, రాసుకుంటాం అన్నారు. మా ఆయన నన్ను కాఫీ పెట్టమని, తనే వెళ్ళి తలుపు తీశాడు."