మహారాణి తెల్లనవ్వు

“ఈ తెలుపు ఎన్నాళ్లుంటుంది?” కుర్చీలోంచి లేవకుండానే అద్దంలో పళ్లు చూసుకుంటూ అడిగింది మహారాణి.

అది ఆమె అసలు పేరు కాదు. ఆడపడుచు వెటకారానికి పెడితే ఇంట్లో స్థిరపడిపోయింది. ఆమెకూ నచ్చింది.

“జాగ్రత్తగా ఉంటే ఏడాది. కాఫీ, టీలు మానకపోతే కొన్ని నెలలకే మళ్లీ మామూలే,” అన్నాడు పళ్ల డాక్టరు.

మర్నాటి నుంచే మానేసింది. పాలూ బ్రెడ్డూ తిని బతికింది. కాఫీ గ్లాసు పట్టుకున్న ప్రతి మనిషినీ పూచికపుల్లలా తీసిపారేసింది. మొగుడు నవ్వితే మొహం తిప్పుకుంది.

“పళ్లు తెల్లబడితే సరా? నోరు కూడా మంచిదవ్వద్దూ?” అంది అత్తగారు.

“మీకేం తెలుసత్తయ్యా. రేపు నాలుగురోడ్ల దగ్గర ఇంతెత్తున నా బొమ్మ లేస్తుంది. అప్పుడు మా కోడలేనని మీరే పదిమందికీ చెప్పుకుంటారు.”

సంగతేమిటంటే, ఒక టూత్‌పేస్టు కంపెనీ ప్రకటన కోసం మనుషుల్ని వెతుకుతోంది. బట్టల కొట్లో మహారాణితో పనిచేసే అమ్మాయి సరదాకి ఆమె ఫొటో పంపింది. ఏదో జోకుకి నోరంతా తెరిచి నవ్వినప్పుడు తీసింది. కంపెనీవాళ్లు వెంటనే ఫోన్ చేశారు. “ఫొటోలో ఎలా ఉన్నారో అలాగే రండి. మేకప్పులవీ వద్దు,” అన్నారు.

‘వాళ్ల మొహం. కెమెరా ముందు నిలబడేది వాళ్లా, నేనా?’ అనుకుంది. తన కళ్లూ బుగ్గలూ చూసి పడిపోయుంటారు, ఇక పళ్లొక్కటే లోటు. ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరికి పరిగెత్తింది.

కొట్లో మేనేజరు ఆమెను ఏళ్ల తరబడి వెనకాల తువ్వాళ్ల దగ్గరే నిలబెట్టాడు. “నువ్వు నవ్వకమ్మా, కొనేవాళ్లు జడుసుకుంటారు,” అనేవాడు. పళ్లు తెల్లబడ్డ మర్నాడు వెళ్లి అతని బల్ల ముందు నిలబడి ఇకిలించింది.

“ముందు మీ పళ్లకు పట్టిన గార గీకించుకోండి సార్. నేను రేపట్నుంచి రాను.”

ఇక ఆ గుమ్మం తొక్కే దారి లేదు. తొక్కే ఖర్మా లేదనుకుంది.

పిలిచిన రోజు రానే వచ్చింది. కంపెనీ ఆఫీసు వరండాలో బెంచీ మీద ఒకావిడ టీ తాగుతోంది. పళ్లు పసుపుకొమ్ములే. ‘వీళ్లిళ్లల్లో అద్దాలుండవు కాబోలు,’ అనుకుంటూ మహారాణి ఆ చివరికి జరిగి కూర్చుంది.

“మీరూ తాగుతారా అక్కా?” అంది ఆవిడ.

“నేనలాంటివి ముట్టను,” అంది ముక్కు చిట్లించి.

ముందు మహారాణినే లోపలికి పిలిచారు. డైరెక్టరు ఎదురుగా నిలబడి, మొన్నటి ఫొటోలోలాగే నోరంతా తెరిచి నవ్వింది. అతను చేతిలో ఫొటో చూశాడు. ఆమెను చూశాడు. మళ్లీ ఫొటో చూశాడు.

‘పడ్డాడు,’ అనుకుంది మహారాణి.

అతను ఫొటో బల్ల మీద పెట్టి, నెమ్మదిగా అడిగాడు: “మా పేస్టు ‘వాడక ముందు’ బొమ్మ కోసం ఈ పసుపు పళ్లు చూసే కదమ్మా మిమ్మల్ని పిలిచింది, ఈ తెలుపు ఎన్నాళ్లకు పోతుంది?”